సుఖులతో మైత్రి

పతంజలి మహర్షి యోగసూత్రముల మొదటి పాదమున 33వ సూత్రమునందు చిత్తము ప్రసన్నమగుటకు నాలుగు భావనలను ఉపదేశించెను: మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష. ఇవి మన చదువరులకు క్రొత్తవి కావు. అయినను ఆ సూత్రమును చదువునప్పుడు మనలో పెక్కుమంది ఒక విషయమును గమనింపకయే దాటిపోవుదురు. కరుణ దుఃఖితులయెడ చూపవలసినదని ఎల్లరకును తెలియును. మఱి మైత్రి ఎవరియెడ? తోడి సాధకులయెడ అని కొందఱు, సర్వప్రాణులయెడ అని కొందఱు వెంటనే చెప్పుదురు. సూత్రకారుడు అట్లు చెప్పలేదు. సుఖముగ నున్నవారియెడ మైత్రిని భావింపుమనెను. వ్యాసభాష్యము దీనిని మఱింత విశదపఱచుచు, సుఖభోగములను పొందియున్న ప్రాణులనే పేర్కొన్నది.

ఇది మొదట వింతగ తోచును. సుఖపడుచున్నవానికి మన స్నేహముతో ఏమి పని? పని వానికి కాదు, మనకు. ఈ భావన ఈర్ష్య అను మురికిని కడుగుటకై విధింపబడినదని వాచస్పతిమిశ్రుడు వివరించెను. ఆలోచించి చూడుడు. ఏడ్చుచున్నవాని ప్రక్క కూర్చుండి కంటనీరు పెట్టుకొనుట అంత కష్టము కాదు. ఆ సమయమున మనము వానికంటె ఒక మెట్టు పైన నుందుము, ఆ సంగతి మన మనస్సునకు లోలోపల తెలిసియే యుండును. పొరుగింటివారు మేడ కట్టుకొన్నారని విని, వెళ్లి చూచి, కడుపునిండ సంతోషించి తిరిగివచ్చుట కష్టము. వచ్చునప్పుడు దారిలో ఆ మేడకు ఏదో ఒక వాస్తుదోషమును కనుగొననివారు అరుదు.

అందఱును సుఖముగనే యుండు చోట ఈ సూత్రము ఎట్లు నిలుచునో చూడవలెనని ఒక కుతూహలము నాకు చాలకాలముగ కలదు. అట్టి చోటు లోకమున ఎక్కడనున్నది? గడచిన సంవత్సరము ఒక వృద్ధదంపతులు మఠమునకు వచ్చినప్పుడు అట్టిది ఒకటి కలదని తెలిసినది. వారిరువురును వైద్యులు, కృష్ణాజిల్లావారు, నలువది యేండ్లు అమెరికాలో వృత్తి చేసి విరమించినవారు. ఏటేట శీతకాలమున విలాసనౌకలపై నెలల తరబడి సముద్రయానము చేయుదురు. ఆమె ఇట్లు ప్రశ్నించెను: "స్వామీజీ, ఓడమీద మాకు కొందఱు మిత్రులు ఏర్పడినారు. మా పిల్లలు అవన్నియు రైలుస్నేహములని నవ్వుచున్నారు. అవి నిజముగ స్నేహములేనా, కావా?"

ఆమె ఈ ప్రశ్న వేయుటకు పిల్లల నవ్వు కాక వేఱొక కారణము కలదు. అది తరువాత తెలిసినది. దానిని చెప్పుటకు ముందు ఈ నౌకలను గూర్చి కొంత చెప్పవలసియున్నది.

మన పూర్వులకు ఓడ అనగా సరకులను, మనుష్యులను ఒక రేవునుండి వేఱొక రేవునకు చేర్చు సాధనము. విలాసనౌక అట్టిది కాదు. దానిని ఎక్కినవారిలో ఎవరికిని ఎక్కడికిని పోవలసిన పని యుండదు. అనేక పర్యాయములు అది బయలుదేరిన రేవునకే తిరిగివచ్చును. ఈ ఆచారము పుట్టుటకు కారణము భోగేచ్ఛకంటె ముందు వ్యాపారలెక్క. చలికాలమున అట్లాంటిక్ మహాసముద్రమును దాటువారు తగ్గిపోవుటచే ఓడలు రేవులలో ఊరక పడియుండెడివి. హాంబుర్గ్–అమెరికా సంస్థలో అధికారిగ నున్న ఆల్బర్ట్ బాలీన్, ఆ ఓడలలో ఒకదానిని వెచ్చని మధ్యధరా సముద్రమునకు పంపిన బాగుండునని తలచెను. 1891 జనవరి 22వ తేదీన ఆగస్టా విక్టోరియా అను నౌక 241 మంది యాత్రికులతో జర్మనీలోని కుక్స్‌హాఫెన్ నుండి బయలుదేరినది. 1922లో లాకోనియా అను నౌక భూమిని చుట్టివచ్చు యాత్రకు కదలినది. ఇక 2024లో సముద్రమున ప్రవేశించిన ఐకన్ ఆఫ్ ది సీస్ నిండుగ నెక్కినచో 7,600 మంది యాత్రికులను మోయగలదు. అది ఓడ కాదు, ఒక పట్టణము. అయితే మన దంపతులు ఎక్కునవి కొన్ని వందల మంది మాత్రమే పట్టునట్టి, ఖరీదు హెచ్చైన నౌకలు. వానిలో భూప్రదక్షిణయాత్రకు నూఱు దినములు, ఒక్కొకప్పుడు అంతకు మించియు పట్టును. మన తీరమునకు కూడ ఇవి క్రొత్త కావు. విశాఖపట్టణమున 2023లో ఇట్టి నౌకలకై ప్రత్యేకముగ ఒక రేవుకట్టడము ప్రారంభమైనది. మఱుసటి యేట ఏప్రిలులో, గదులను సొంతముగ కొనుక్కొన్నవారే నివాసముండు ది వరల్డ్ అను నౌక అక్కడకు వచ్చినది.

ఒకసారి సరదాకై వెళ్లి వచ్చువారి మాట వేఱు. ఏడాదిలో సగముకంటె ఎక్కువ నీటిమీదనే గడుపువారు కలరు. వారిలో ఎక్కువమంది వయస్సు మీఱినవారు. పలువురు భార్యనో భర్తనో పోగొట్టుకొన్నవారు. క్వీన్ ఎలిజబెత్ 2 అను ప్రఖ్యాత నౌకపై ఒక అమెరికా వృద్ధురాలు, భర్త మరణించిన పిమ్మట, 2000 మొదలుకొని దానినే ఇల్లుగ చేసుకొని నివసించెను. 2008లో ఆ నౌక కొలువు చాలించి దుబాయి చేరువఱకు ఆమె అక్కడనే యుండెను. డబ్బున్నవారి వెఱ్ఱి అని దీనిని త్రోసివేయుట సులభము. కాని నేను వేఱుగ తలచెదను. ఉదయము లేచినప్పుడు పేరుపెట్టి పిలుచువారు ఒకరుండవలెనని మనిషి కోరును. తమ యింట అట్లు పిలుచువారు లేనప్పుడు, ఉన్నచోటికి పోవుదురు. కొందఱు కాశికి పోవుదురు, కొందఱు కొడుకు ఇంటికి పోయి నెల దినములలో తిరిగివచ్చెదరు, కొందఱు ఓడ ఎక్కుదురు.

అక్కడి దినచర్యను ఆ వైద్యురాలు వర్ణింపగ నాకు నవ్వు వచ్చినది. ఏలననగా అది మా మఠమునకు చాల దగ్గఱగ నున్నది. తెల్లవారుజామున డెక్కుపై ప్రదక్షిణలు. క్వీన్ మేరీ 2 నౌకపై మూడు చుట్లు తిరిగిన ఒక మైలు దాటునట. పిమ్మట ఉపాహారము, ఉపన్యాసము, పేకాట, పొడుపుప్రశ్నల పోటీ, అల్లికపని చేయు స్త్రీల కూటమి, సాయంకాలము గంటవేళకు భోజనము. ఇట్టి దీర్ఘయాత్రలలో పలుచోట్ల భోజనపు బల్ల ఒక్కటే, తోడికూర్చుండువారు వారే. ఈ రాత్రి ఎవరు ఎదుట నున్నారో నూఱవ రాత్రియు వారే యుందురు. వీరిని మనము కోరి తెచ్చుకొనలేదు. వారి దగ్గు, వారి పాతకథలు, వారు చారు జుఱ్ఱుకొను చప్పుడు, సమస్తమును మనకు ప్రాప్తించును. పంక్తిభోజనమున ఇరువది యేండ్లు ఒకరి ప్రక్కనే కూర్చున్న సన్న్యాసులకు ఇది ఎంత గొప్ప తపస్సో తెలియును! కావున ఆ పిల్లలు అన్నట్లు వీనిని రైలుస్నేహములనుట సరికాదు. రైలులో పరిచయమైనవాడు తెల్లవారునప్పటికి దిగిపోవును. వాని మంచితనమును మాత్రమే మనము చూతుము. ఓడలో మూడవవారము గడచునప్పటికి మంచితనము తఱిగి మనిషి మిగులును.

ఈర్ష్య అక్కడికి ఏ దారిని వచ్చును? అందఱికిని ఒకే వంట, ఒకే సముద్రము, ఒకే గాలి. అయినను దారి దొరకినది. ప్రతి నౌకాసంస్థయు తరచుగ వచ్చువారికి ఒక సంఘమును ఏర్పఱచి, నీటిమీద గడపిన రాత్రులను లెక్కించి అంతస్తులను కల్పించును. కొందఱికి వెండి, కొందఱికి బంగారము, ఇంకను పైన వజ్రము. చొక్కాకు తగిలించు చిన్న బిళ్ల; ఎక్కునప్పుడు వేఱు వరుస; అందఱికంటె ఎక్కువ రాత్రులు గడపినవారికి కెప్టెనుతో విందు. ఇఁక పరిచయమున మొదటి ప్రశ్నయే "మీకిది ఎన్నవ యాత్ర?" అని యుండును. అడిగినవాడు తన సంఖ్యను సిద్ధముగ నుంచుకొనియే అడుగును. ఎండలో వాలు కుర్చీలకై వేకువననే తువ్వాలు పఱచి స్థలము పట్టుకొనుట, దానిపై తగవులు పడుట ఇంకొక భాగము. స్వర్గమున దేవతలకును అసూయ తప్పలేదని పురాణములు చెప్పుచుండగ, ఓడమీది మనుష్యులను తప్పుపట్టుట దేనికి? కుర్చీల తగవులకు ఉపేక్ష చాలును. దానిని గూర్చి ఇంతకంటె వ్రాయనక్కఱలేదు.

కాని మైత్రి అనునది అక్కడ ఎట్లు అభ్యసింపవలెను? ఎదుటివాడు తాను అంటార్కిటికా మంచుకొండలను చూచిన కథ చెప్పుచుండగ, మన నాలుకపైకి మన కథ వచ్చి నిలుచును. అది వాని కథకంటె కొంచెము పెద్దది. దానిని మ్రింగివేసి, "తరువాత ఏమైనది?" అని అడుగుట యోగాభ్యాసమే. వాని సుఖమును వానిదిగనే యుండనిచ్చుట, దానిని కొలువకుండుట, మన గిన్నెలో పోసికొనకుండుట. ఇది ఎంత చిన్న పనియో అంత అరుదు. మనుమని ఛాయాచిత్రములను నాలుగవసారి చూపునప్పుడు మొదటిసారివలె చూచుట కూడ ఇందులోనిదే.

ఇట్టి నౌకలలో దినదినమును గదులకు పంపు కార్యక్రమపత్రికలో, నాట్యగోష్ఠులకును మద్యపానశాలల ప్రకటనలకును నడుమ, తరచుగ ఒక చిన్న పంక్తి కనబడును: "బిల్ డబ్ల్యు. మిత్రులు" ఇన్ని గంటలకు ఈ గదిలో కలియుదురు అని. తెలియనివారు ఎవరో ఒకాయన చుట్టములనుకొందురు. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అను, త్రాగుడు మానదలచినవారి సంఘమునకు అది గుఱుతుపేరు. ఖరీదైన నౌకలలో మద్యము చాలవఱకు టిక్కెట్టు వెలలోనే చేరియుండును. ఎటు చూచిన అటు పాత్ర నింపుదుమని వచ్చువారే. అట్టిచోట ఐదాఱుగురు తలుపు మూసికొని కూర్చుండి, ఈ దినము త్రాగకుండ గడపుటకు ఒకరికొకరు ఊతమగుదురు. ఊరు, పేరు, అంతస్తు వారు అడుగరు. వజ్రపుబిళ్ల వానికిని తొలియాత్రికునకును అక్కడ ఒకే కుర్చీ. నా మట్టుకు, ఆ నౌకలోని గదులలో దేవాలయమునకు మిక్కిలి దగ్గఱగ నుండునది అదియే అని తోచును.

ఇంతవఱకు యాత్రికులను గూర్చియే చెప్పితిని. వారికి పడక సర్దువారు, వడ్డించువారు, డెక్కు కడుగువారు వేఱొక లోకమున నుందురు. వారిలో మన దేశస్థులు వేలకొలది కలరు. తరచుగ వచ్చువారు వీరిని పేరుపెట్టి పిలుతురు. తేనీటిలో ఎవరికి ఎన్ని చెంచాల పంచదార కావలెనో వీరికి జ్ఞాపకము. "మేమందఱము ఒక కుటుంబము" అను మాట రెండువైపుల వినబడును. ఈ మాటను జాగ్రత్తగ పలుకవలెనని నా అభిప్రాయము. కుటుంబములో అలసినవాడు పోయి పడుకొనవచ్చును, కోపము వచ్చినచో మాటలాడకుండవచ్చును. ఇక్కడ చిఱునవ్వు ఉద్యోగములో భాగము. 2013 ఆగస్టు నుండి అమలులోనున్న అంతర్జాతీయ నావికోద్యోగుల ఒడంబడిక ప్రకారము, వీరికి ఇరువదినాలుగు గంటలలో కనీసము 10 గంటలు, వారమునకు 77 గంటలు విశ్రాంతి ఈయవలెను. అనగా ఆ కొలత దాటకుండ మిగిలిన కాలమంతయు పని చేయించుకొనవచ్చును. రాత్రి పదిగంటలకు ఒక యాత్రికుడు ప్రేమతో స్టివార్డును నిలిపి, అతని ఊరిని గూర్చియు పిల్లలను గూర్చియు అరగంట అడిగినచో, ఆ అరగంట ఎవరి నిద్రలోనిది? ప్రేమ కలవాడు ముందుగ అతనిని పోనిచ్చును.

2020 ఫిబ్రవరిలో ఈ రెండు లోకముల నడుమనున్న గోడ ఒక నౌకపై బయటపడినది. డైమండ్ ప్రిన్సెస్ జపానులోని యొకొహామా రేవు చేరునప్పటికి కోవిడ్ వ్యాధి అందు ప్రవేశించియున్నది. 3,711 మందితో నౌకను నిర్బంధమున నుంచిరి. యాత్రికులు గదులు దాటరాదు. అయితే వారికి అన్నమెవరు పెట్టవలెను? ఒకే గదిలో ఇద్దఱు ముగ్గురుగ నివసించు పనివారే పళ్లెములు మోసి తలుపు తలుపునకు తిరిగిరి. వారిలో 132 మంది భారతీయులు. తుదకు 712 మందికి వ్యాధి సోకినది. తలుపులపై కృతజ్ఞతా వాక్యములు వ్రాసి అంటించిన యాత్రికులు కలరు. మార్చిలో ప్రపంచమందలి విలాసనౌకలు దాదాపు అన్నియు నిలిచిపోయినవి. యాత్రికులు ఇండ్లకు చేరిరి; వేలకొలది నావికోద్యోగులు మాత్రము రేవులు అనుమతింపక నెలల తరబడి నీటిమీదనే ఉండిపోయిరి. తలుపుమీది వాక్యము వ్రాసినవారిలో ఎందఱు, ఇల్లు చేరిన తరువాత, ఆ పళ్లెము తెచ్చినవాడు తన ఇల్లు చేరెనా అని విచారించిరో! విచారించినవారికి పతంజలి చెప్పిన రెండవ భావనను వేఱుగ బోధింపనక్కఱలేదు.

ఇఁక ఆ వైద్యురాలి ప్రశ్నకు అసలు కారణము. రెండేండ్ల క్రిందటి యాత్రలో వారి బల్లకు ఆఱుగురు: వీరిద్దఱు, ఒక ఆంగ్లేయ దంపతులు, భార్యను కోల్పోయిన ఒక కెనడా పెద్దమనిషి, మితభాషిణియగు ఒక స్కాట్లాండు వృద్ధురాలు. ఆంగ్లేయుడు కథలు చెప్పుటలో దిట్ట, చెప్పినవే చెప్పును. ఆ వృద్ధురాలు అవి వినలేక తఱచుగ మిఠాయి వడ్డింపకముందే లేచిపోయెడిది. యాత్ర సగమున ఆయనకు పక్షవాతము వచ్చినది. మఱుసటి రేవున ఆసుపత్రికి చేర్చిరి. ఓడ సాయంకాలము ఐదు గంటలకు కదలవలెను. భార్యకు ఆ దీవిలో ఒక్కరును తెలియరు. వైద్యదంపతులు ఆసుపత్రికి వెళ్లి, అక్కడి వైద్యులతో మాటలాడి, చేయవలసిన సాయమంతయు చేసి, నాలుగున్నరకు ఓడకు తిరిగివచ్చిరి. పలువురు పువ్వులు పంపిరి, చిరునామాలు వ్రాసియిచ్చిరి. ఐదింటికి కొన్ని నిమిషములు ముందుగ ఆ మితభాషిణి ఒక చేతిసంచితో దిగి, రేవుగట్టుపై నడచిపోవుట డెక్కుమీదివారు చూచిరి. ఆమె యాత్రలో ఇంకను ఆఱువారములు మిగిలియున్నవి. రోగి ఐదవనాడు కన్నుమూసెను. ఆమె ఆ భార్యతోనే యుండి, కాగితముల పనులన్నియు చేయించి, ఇల్లు చేర్చివచ్చెను. ఏల అట్లు చేసితివని తరువాత ఈ వైద్యురాలు వ్రాసి అడుగగ, "మీకందఱకు ఎదురుచూచువారు కలరు, నాకు లేరు, కావున నాకు సులభము" అని రెండు పంక్తులలో జవాబు వచ్చినది.

"మేము వైద్యులము స్వామీజీ. మేమెందుకు దిగలేదు?" అని ఆమె అడిగెను. పిల్లల నవ్వును గూర్చిన ప్రశ్న ఇక్కడినుండి పుట్టినది. అవి రైలుస్నేహములే అయినచో ఆమెకు కొంత ఊరట కలుగును.

నేను ఆమెకు అయోధ్యాకాండమును జ్ఞాపకము చేసితిని. భరతుడు తండ్రి మరణవార్త తెచ్చి, రాజ్యమునకు రమ్మని వేడినప్పుడు, మహాసముద్రమున కొట్టుకొనివచ్చు రెండు కొయ్యలు కొంతతడవు కలిసియుండి విడిపోవునట్లే భార్యాపుత్రులు, బంధువులు, సంపదలు కలిసి విడిపోవునని శ్రీరాముడు చెప్పును. ఈ ఉపమానమును మనవారు, బంధములు శాశ్వతములు కావు గనుక పట్టించుకొనకుమను అర్థమున వాడుచుందురు. రాముడు అట్లు వాడలేదు. ఆ మాట చెప్పిన నోటితోనే తండ్రికిచ్చిన మాటను విడువనని చెప్పెను. తమ్ముని రిక్తహస్తములతో పంపక పాదుకలనిచ్చి పంపెను. కొయ్యలు విడిపోవుట నిజము. తాకియున్న కొంతతడవు కూడ అంతే నిజము. అమ్మా, ఆ స్నేహము నిజమైనదే. నిజమైనది కాకున్న మీ మనస్సు రెండేండ్లుగ ఇట్లు నొచ్చుకొనదు. ఆ వృద్ధురాలు సుఖమునందు ఆయన కథలకు ఓర్వలేకపోయినది, కష్టమున నిలిచినది. మీరు సుఖమునందు నూఱు రాత్రులైనను ఆయన కథలు విని నవ్వగలిగితిరి. ఎవరి పాఠము ఎక్కడ మిగిలియున్నదో వారు అక్కడ చదువుకొనవలెను అని చెప్పితిని.

ఆమె చాలసేపు మాటలాడలేదు. భర్త మాత్రము లేచి నిలువబడి, ఆ దీవిలోని ఆసుపత్రిపేరు, అప్పుడు విధిలోనున్న వైద్యునిపేరు తనకు ఇప్పటికిని జ్ఞాపకమున్నవని, మిత్రుని పుట్టినరోజు మాత్రము తెలియదని చెప్పెను.

ఈ మాఘమాసమున వారియొద్దనుండి ఉత్తరము వచ్చినది. మరల యాత్రకు బయలుదేరినారు. ఆంగ్లేయుని భార్యయు, ఆ మితభాషిణియు అదే బల్లవద్ద నున్నారు. కెనడా పెద్దమనిషి ఈసారి రాలేదు, మోకాలి శస్త్రచికిత్స. వైద్యురాలు తన పాసుపోర్టు, మందులు, రెండు చీరలు ఒక చిన్నసంచిలో సర్ది, ప్రతి రేవునను గది తలుపువద్ద నుంచుకొనుచున్నదట.